చెక్‌పోస్టు దగ్గర విన్న గొంతు

మాట పోయిన భర్తను ఇంట్లో వదిలి, చాలా నెలల తర్వాత మళ్ళీ పనికి బయలుదేరిన మంజులతను పోయిన వారం ఎర్రగడ్డలో ఆమె ఇంటి గుమ్మం దగ్గరే వదిలి వచ్చాం. భర్త రఘునందన్ సినిమాలకు మాటలు రాసేవాడు. ఆమె ఆ మాటలు పలికే డబ్బింగు కళాకారిణి. కిందటి వానాకాలంలో అతనికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒక్కసారే పోయాయి. నడక కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది. మాట రాలేదు. ఇవాళ ఫిల్మ్‌నగర్‌లో ఒక పెద్ద సినిమా చివరి సన్నివేశానికి మంజులత గొంతు ఇవ్వాలి. పదింటికల్లా రాకపోతే ఇంకొకరిని చూసుకుంటారని డబ్బింగు పనులు చూసే భువన ఫోన్లో ముందే చెప్పేసింది.

"వెళ్ళొస్తానండీ," అంది మంజులత చెప్పుల్లో కాళ్ళు పెడుతూ.

రఘునందన్ టీవీ వైపు నుంచి తల తిప్పలేదు. ఎడమ చెయ్యి కొంచెం పైకెత్తి దించాడు. సరే అనడమో, పో అనడమో తెలియని సైగ. ఆ సైగకు అర్థం వెతకడం ఆమె ఎప్పుడో మానేసింది.

ఆ ఇంట్లో ఇప్పుడు మనుషుల కంటే యంత్రాలే ఎక్కువ మాట్లాడతాయి. అవన్నీ మంజులత తమ్ముడు జగదీశ్ తెచ్చి బిగించినవి. వెంగళరావు నగర్‌లో ఉండే జగదీశ్‌కు కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం. బావగారికి జబ్బు చేసినప్పుడు అందరూ పళ్ళూ బిస్కట్లూ పట్టుకొస్తే, అతను మాత్రం అట్టపెట్టెలు మోసుకొచ్చాడు. హాల్లో గోడ మూలన కెమెరా. బల్ల మీద పిలిస్తే పలికే గుండ్రటి స్పీకరు. నేల ఊడ్చే, పళ్ళెంలాంటి మిషను. "ఇంక నువ్వు ధైర్యంగా పనికి వెళ్ళొచ్చక్కా," అన్నాడు.

ఊడ్చే మిషను రోజూ మంచం కింద ఇరుక్కుని, "దయచేసి నన్ను బయటికి తీయండి" అని ఆడగొంతుతో మొర పెట్టుకుంటుంది. రఘునందన్‌ను చూసుకోవడానికి వచ్చే కౌసల్య చీపురుతో దాన్ని బయటికి లాగుతూ, "నువ్వు ఇల్లూడుస్తవని తెచ్చిండ్రు. నిన్ను ఊడ్చుడు నాకు పనైంది," అని తిడుతుంది. స్పీకరుతో ఆమెకు ఇంకో తగువు. కుక్కర్ మీద విసుక్కుని "ఆపుతవా లేదా" అంటే అది మోగుతున్న పాట ఆపేస్తుంది. ఏమీ తెలియనప్పుడు "క్షమించండి, నాకు అర్థం కాలేదు" అంటుంది. దానికి తెలుగు ఎవరు నేర్పారో గానీ 'ళ' పలకదు. నీళ్ళను నీల్లంటుంది. మొదట్లో మంజులత చెవికి అది ముల్లులా గుచ్చుకునేది. తర్వాత అలవాటైపోయింది.

మెట్రోలో ఆడవాళ్ళ పెట్టె కిటకిటలాడుతోంది. అమీర్‌పేటలో రైలు మారాక పట్టుకోవడానికి ఎలాగో ఒక కమ్మీ దొరికింది. పక్కనే ఒకమ్మాయి రైలు ఆగినప్పుడల్లా కాటుక పెట్టుకుని, కదలగానే చెయ్యి దించేస్తోంది. రెండు స్టేషన్లకు ఒక కన్ను పూర్తయింది. ఇంకొకావిడ ఫోన్లో తన వంటింటిని చూస్తూ వంటమనిషిని అదిలిస్తోంది. "అన్ని పచ్చిమిరపకాయలెందుకు? నాకిక్కడ కనిపిస్తూనే ఉంది. తియ్, రెండు తియ్." చుట్టూ ఉన్నవాళ్ళంతా తమకు తెలియకుండానే ఆ మూకుడు వైపు వంగి చూశారు. ఎవరి ఫోనో బట్టలు ఉతకడం పూర్తయిందని చాటింది. ఆ ఫోను గలావిడ, "ఇప్పుడు చెప్పి ఏం లాభం, సాయంత్రానికి ముక్కిపోతాయి," అని దానికే జవాబిచ్చింది. నలుగురు నవ్వారు.

మంజులత కూడా నవ్వబోయింది. కానీ ఆమె చేతిలోనూ ఫోనుంది. అందులో తన హాలు. కుర్చీలో రఘునందన్. టీవీ ఆగిపోయినా ఆ నల్లటి తెర వైపే చూస్తున్నాడు.

ఎదురుగా కూర్చున్న ఒక ముసలామె మెడ సాచి ఆమె ఫోన్లోకి చూసింది. కాసేపు చూసి చూసి ఉండబట్టలేక అడిగింది.

"ఏం సిన్మా బిడ్డా అది? ఎవ్వలు కదుల్తలేరు?"

"ఇంకా మొదలవలేదండీ," అని మంజులత ఫోను సంచీలో పెట్టేసింది.

చెక్‌పోస్టు మెట్రో స్టేషన్‌లో దిగి, కింద ఫిల్మ్‌నగర్ వెళ్ళే షేర్ ఆటో ఎక్కింది. ఇంకొకరు వస్తే గానీ కదలనని డ్రైవరు పోచయ్య బీడీ ముట్టించాడు. ఆమె పక్కన తలకు కట్టుతో, చొక్కా నిండా రక్తంతో ఒకాయన కూర్చుని తాపీగా సమోసా తింటున్నాడు. అటు చివరన ఉన్నావిడ బెదిరిపోయి, "అయ్యో, ఆసుపత్రికి వెళ్ళకుండా ఇలా తిరుగుతున్నారేంటండీ?" అంది.

"షూటింగమ్మా," అన్నాడతను నోటి నిండా సమోసాతో. "మేకప్ చెడిపోతుందని కడుక్కోనివ్వట్లేదు."

"గీనకు రోజు దెబ్బలు తాకుతయి," అన్నాడు పోచయ్య. "పొద్దుగూకేటాలకు మానుతయి. గా బాధ మనకే."

మంజులత చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, సెట్‌లో రికార్డయిన సన్నివేశాన్ని ఇంకోసారి వింది. తెలుగు రాని హీరోయిన్ మాటలకు బదులు ఏవేవో అంకెలు లెక్కపెడుతూ ఏడుస్తోంది. ఆ ఏడుపులో తను మాటలు నింపాలి. రెండోసారి విని, మాత్రలు వేసుకున్నాడో లేదోనని అలవాటుగా ఇంటి కెమెరా తెరిచింది. బయటికి వెళ్ళినప్పుడల్లా చప్పుడు కట్టేసి చూస్తుంది. ఆ ఇంట్లో వినడానికి ఏముంది? ఇవాళ ఇయర్‌ఫోన్లు చెవుల్లోనే ఉండిపోయాయి.

కౌసల్య సంచీ పట్టుకుని కూరగాయలకు కిందికి వెళ్తోంది. తలుపు మూసుకుంది. రఘునందన్ కాసేపు అలాగే కూర్చున్నాడు. ఆ తర్వాత చేతికర్ర అందుకుని లేచాడు. కుడి కాలు ఈడ్చుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళి, స్పీకరు ముందు కూర్చున్నాడు. పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"జగ... దీసు... పోను."

మంజులత ఫోనును ముఖం దగ్గరికి లాక్కుంది.

"క్షమించండి, నాకు అర్థం కాలేదు."

"జగ... దీశు... కి... ఫోను."

"క్షమించండి, నాకు అర్థం కాలేదు."

అతను విసుక్కోలేదు. పెదవులు తడుపుకున్నాడు. కళ్ళు మూసుకుని ఒక్కొక్క ముక్కనీ ఎక్కడినుంచో మోసుకొచ్చి బల్ల మీద పెడుతున్నట్టు పలికాడు. "జగ... దీశ్... కి... ఫోన్... చెయ్యి."

"జగదీశ్‌కి ఫోన్ చేస్తున్నాను."

ఆ గొంతు ఆమెకు తెలుసు. కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, రాసిన ప్రతి సన్నివేశాన్నీ ముందు తనకు చదివి వినిపించిన గొంతు. బొంగురుపోయింది, విరిగిపోయింది, అయినా అదే. ఇక వినబోనని తను ఏడ్చి ఏడ్చి వదులుకున్న గొంతు.

"చెప్పండి బావగారూ," అన్నాడు జగదీశ్ అవతలి నుంచి. ఆ గొంతులో ఆశ్చర్యం లేదు. రోజూ మాట్లాడుకునేవాళ్ళు పలికినట్టు పలికాడు.

"మంజు... వెల్... లింది."

"స్టూడియోకేనా? సరే అయితే..."

బొమ్మ బిగుసుకుపోయింది. తెర మీద చిన్న చక్రం తిరగసాగింది. మంజులత ఫోనును ఊపింది, మూసింది, తెరిచింది. చక్రం తిరుగుతూనే ఉంది.

"అమ్మా, మంచిగున్నవా?" పోచయ్య వెనక్కి తిరిగి చూస్తున్నాడు. పక్కనున్న దెబ్బల మనిషి సమోసా పొట్లం కింద పెట్టి ఆమెకు గాలి తగలాలని జరిగి కూర్చున్నాడు.

"నన్ను ఎర్రగడ్డ తీసుకెళ్తారా? ఇప్పుడే. వెంటనే."

పోచయ్య మిగతా ఇద్దరినీ వెనక ఆటోలోకి ఎక్కించి బండి తిప్పాడు. యూసుఫ్‌గూడ దాటాక అద్దంలోంచి చూస్తూ అడిగాడు. "ఇంట్ల ఎవరికన్న ఏమన్నయిందామ్మా?"

"మా ఆయనకు మాట వచ్చింది."

"అరె, మంచిదే గదమ్మా! మరి ఎందుకు ఏడుస్తున్నవ్?"

ఏడుస్తున్నట్టు ఆమెకు అప్పటిదాకా తెలియదు.

భువన ఫోన్ చేసింది. "ఎక్కడున్నారు మంజులత గారూ? మైకు పెట్టేశాం. డైరెక్టర్ గారు కూర్చునున్నారు."

"నేను రాలేను భువనా. ఇంట్లో..."

"అలా అనకండీ. మీ పాత రికార్డింగులన్నీ కంప్యూటర్లో ఉన్నాయి. వాటినుంచి మీ గొంతు తయారు చేసి లాగించేద్దామని వీళ్ళు ఎప్పట్నుంచో అంటున్నారు. మనిషి ఉండగా మిషనెందుకని నేనే ఆపుతున్నా. ఇవాళ మీరు రాకపోతే నేనేం మాట్లాడను?"

"ఇంటికి వెళ్తున్నాను," అంది మంజులత. భువన "జాగ్రత్తండీ," అని పెట్టేసింది. ఇన్నేళ్ళ పని అలా ఒక ఆటోలో, రహదారి రొదలో ముగిసిపోయింది. దానికి బాధపడడానికి కూడా ఆమెకు ఆ క్షణంలో తీరిక లేదు.

తాళం తీసి లోపలికి వచ్చేసరికి రఘునందన్ మళ్ళీ తన కుర్చీలో ఉన్నాడు. ఆమెను చూసి ఉలిక్కిపడ్డాడు. అంతలోనే ముఖం మామూలుగా అయిపోయింది. ఆ మామూలు ముఖం ఇన్నాళ్ళూ ఆమెకు జబ్బులా కనిపించింది. ఇవాళ మూసిన తలుపులా కనిపించింది.

మంజులత అతని ఎదురుగా నేల మీద కూర్చుంది.

"విన్నానండీ," అంది. "జగదీశ్‌తో మాట్లాడడం విన్నాను."

అతను కిటికీ వైపు చూశాడు.

"ఎప్పట్నుంచి? నాకెందుకు చెప్పలేదు? మాట రాదని నేనెంత... మీ పక్కన పడుకుని నేనెంత ఏడ్చానో మీకు తెలీదా? వింటూ కూడా ఊరుకున్నారా?"

ఆమె అతని మోకాలు పట్టుకుని కుదిపింది.

"మాట్లాడండి!"

"చెప్పండి, వింటున్నాను," అంది బల్ల మీది స్పీకరు.

మంజులత లేచి దాని తీగను గోడలోంచి ఊడబెరికింది. నీలంగా వెలిగిన దీపం ఆరిపోయింది. అది చూసి రఘునందన్ ముఖం మొదటిసారి కదిలింది. నొప్పి తగిలినవాడిలా ఎడమ చెయ్యి ముందుకు చాచాడు.

"వ... ద్దు."

ఆ ఒక్క మాట కోసం ఆమె మొక్కని దేవుడు లేడు. చివరికి అది తన కోసం రాలేదు, ఆ డబ్బా కోసం వచ్చింది.

"నాకంటే అదెక్కువైందా మీకు?"

అతను గొంతు సవరించుకున్నాడు. మాటలు వచ్చేటప్పుడు అతని మెడ నరాలు పొంగడం, నోరు ఒక పక్కకు లాక్కుపోవడం ఆమె దగ్గరగా చూసింది. సాయం చేయాలనిపించి పెదవులు కదిపింది. అతను ఆ పెదవులనే చూసి ఆగిపోయాడు. వేలితో వాటిని చూపించాడు.

"ఇదే," అన్నాడు. "నువ్వు... దిద్దు... తావు."

ఆమెకు అర్థం కాలేదు. అంతలోనే అర్థమైంది.

జబ్బు చేసిన కొత్తలో డాక్టరు సాధన చేయించమన్నాడు. మంజులత పాత్రలన్నీ వదులుకుని ఇంట్లో కూర్చుంది. పలకడమంటే ఏమిటో తనకు తెలిసినంత ఎవరికి తెలుసు? డబ్బింగు గదిలో తనకు నేర్పినట్టే అతనికి నేర్పింది. కాదు, మళ్ళీ. నాలిక పైకి మడవండి. మళ్ళీ. ఒకరోజు అతను మంచినీళ్ళు అడిగాడు. "నీలు" అన్నాడు. ఆమె గ్లాసు చేతిలో పట్టుకుని ఇవ్వలేదు. "నీలు కాదు, నీళ్ళు. అనండి, ఇస్తాను," అంది. అతను మళ్ళీ అన్నాడు. మళ్ళీ అన్నాడు. అతని గడ్డం మీదికి చొంగ కారింది. ఆమె తుడిచింది, గ్లాసు మాత్రం ఇవ్వలేదు. పట్టుదల ఉంటేనే వస్తుందని నమ్మింది. చివరికి ఇచ్చినప్పుడు అతను తాగలేదు, పక్కకు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత అతను ఒక్క మాటా పలకలేదు. జబ్బు ముదిరిందని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

"నేను మీ మంచికే..."

"తెలు... సు." అతను తల ఊపాడు. కోపం లేదు. కోపముంటే ఆమె తట్టుకునేది. "దానికీ... ఆ అక్షరం... రాదు. దాన్ని... ఏమీ... అనవు."

మంజులత తీగ ఊడిన స్పీకరు వైపు చూసింది.

"అది... అర్థం... కాలేదు... అంటుంది. అంతే. అలి... సిపోదు. ఏడవదు." అతని కళ్ళు నిండాయి. "రాసే... వాణ్ణి... మంజూ. నీ ముందు... ఇలా... మాట్లాడ... లేను."

ఆమె అతని ఒళ్ళో తల పెట్టింది. అతని చెయ్యి ఆమె జుట్టు మీదికి వచ్చింది. బరువుగా, కాసేపే ఆగింది. ఇకనుంచి దిద్దనని చెప్పాలనుకుంది. చెప్పినా, అతను ఒక్కో ముక్కా పలుకుతుంటే తన చెవి ప్రతి తప్పునీ పట్టుకుంటూనే ఉంటుంది. అతను అది తన ముఖంలో చదువుతూనే ఉంటాడు. ఆ చెవితోనే ఇన్నాళ్ళూ బతికింది. దాన్ని ఎక్కడ పెట్టి రాగలదు?

తలుపు చప్పుడైంది. కౌసల్య అనుకుంది. వెళ్ళి తలుపు తీసింది. జగదీశ్. అతని వెనక మెట్ల మీద తెల్లటి యూనిఫాంలో ఇద్దరు, వాళ్ళ చేతుల్లో మడిచిన చక్రాల కుర్చీ.

అక్కను చూసి జగదీశ్ తెల్లబోయాడు. "నువ్వు... స్టూడియోలో ఉండాలి కదక్కా?"

"వీళ్ళెవరు?"

జగదీశ్ ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు. "బావగారూ, చెప్పేశారా?"

"ఏం చెప్పాలి? జగదీశ్, ఎవర్రా వీళ్ళు?"

"శంకర్‌పల్లి దారిలో ఒక ఆశ్రమం ఉందక్కా. ఇలాంటివాళ్ళను బాగానే చూసుకుంటారు. నేను వెళ్ళి చూశాను. నేను వద్దనే అన్నాను. నెల్లాళ్ళుగా బావగారు నా ప్రాణం తీస్తున్నారు. నువ్వుంటే వెళ్ళనివ్వవని, నువ్వు రికార్డింగుకు వెళ్ళిన రోజే రమ్మన్నారు." అతను తల దించుకున్నాడు. "నువ్వు పనికి వెళ్ళకుండా ఇంట్లోనే అరిగిపోతున్నావని, నిన్ను తనే తినేస్తున్నానని అంటారక్కా. నన్నేం చెయ్యమంటావు?"

లోపల కర్ర చప్పుడైంది. రఘునందన్ లేచి నిలబడ్డాడు. ఎడమ చేత్తో కుర్చీ వీపు పట్టుకుని, తూలకుండా ఆగి, ఆమెను చూశాడు.

"మంజూ," అన్నాడు. "ఉండ... మంటే... ఉంటా."

అంతే. ఇక ఆమె చెప్పాలి. ఒక్క మాట. ఎందరో హీరోయిన్ల నోట, ఎన్నో సినిమాల్లో, వెళ్ళొద్దని ఏడ్చి వేడుకున్నది ఈ గొంతే. ఆ మాటలు ఎన్నో అతను రాసినవే.

చెప్పబోయింది. సరిగ్గా అప్పుడు ఆమె గుండెల్లో ఏదో వదులైంది. రేపు పొద్దున్నే లేవగానే మాత్రలు వెతకక్కర్లేదు. రైల్లో నిలబడి కదలని బొమ్మను చూడక్కర్లేదు. ఎవరి పెదవుల వైపూ చూడక్కర్లేదు. అది ఊరట. అది ఒక్క క్షణమే. తర్వాత తన మీద తనకే అసహ్యం ముంచుకొచ్చింది. కానీ ఆ క్షణం ఆమె ముఖం మీదికి వచ్చి వెళ్ళింది.

మనుషుల ముఖాలు చూసి మాటలు రాసి బతికినవాడు. అతను చూశాడు.

కుర్చీ వీపు మీంచి చెయ్యి తీశాడు. కర్ర అందుకున్నాడు. జగదీశ్ వైపు తిరిగి, "పద," అన్నాడు. ఒక్క అక్షరమూ తడబడలేదు.

మంజులత గుమ్మానికి అడ్డంగా, రెండు చేతులతో తలుపు చెక్కలు పట్టుకుని నిలబడి ఉంది. గొంతు మాత్రం పెగలడం లేదు. అతను కాలు ఈడ్చుకుంటూ ఆమె ముందుకు వచ్చి ఆగాడు. వెనక మెట్ల మీద చక్రాల కుర్చీ మడత విప్పిన చప్పుడు వినిపించింది.

"అక్కా," అన్నాడు జగదీశ్ నెమ్మదిగా, "అడ్డం జరుగు."